ముందు పుట్టి వెనుక కనిపించే పాఠం: పైలట్, ప్రసార రూపాల తులనకు ఒక పద్ధతి

ప్రస్తావన

టెలివిజన్ ధారావాహికకు ప్రసారం కంటే ముందే ఒక చరిత్ర ఉంటుంది. నిర్మాత ఒక కథను ఎంచుకొని, నటులను కుదుర్చుకొని, ఒక భాగాన్ని పూర్తిగా చిత్రీకరించి, కూర్చి, సంగీతం చేర్చి ప్రసార సంస్థ ముందు పెడతాడు. దీనినే ఆ రంగంలో పైలట్ అంటారు. సంస్థ అంగీకరిస్తే అదే మొదటి భాగంగా ప్రసారమవుతుంది. అంగీకరించకపోతే మూలపడుతుంది. ఈ రెంటికీ నడుమ మూడవ స్థితి ఒకటి ఉంది. సంస్థ కథను ఆమోదించి, చూపిన భాగాన్ని మాత్రం పక్కన పెట్టి, అదే కథను మళ్లీ తీయమంటుంది. అప్పుడు ఒకే కథకు రెండు పూర్తి రూపాలు ఏర్పడతాయి. ఒకటి ప్రజలు చూసినది, మరొకటి ప్రజలు చూడనిది.

ఇటువంటి జంట రూపాలను పోల్చేటప్పుడు సాధారణంగా తేడాల పట్టిక తయారవుతుంది. నటి మారింది, గది మారింది, నిడివి పెరిగింది అని లెక్క తేలుతుంది. పట్టిక అవసరమే గాని దానితో విమర్శ పూర్తి కాదు. ఏ తేడా కథార్థాన్ని మార్చింది, ఏది అలంకారమాత్రంగా మిగిలింది, మార్పుకు ప్రేరణ ఎవరి నుండి వచ్చింది అన్న ప్రశ్నలకు పట్టికలో సమాధానం దొరకదు. తాళపత్ర ప్రతుల పాఠాంతరాలను పరిశీలించే క్రమంలో ఈ ప్రశ్నలనే తెలుగు పరిష్కర్తలు చిరకాలంగా ఎదుర్కొంటున్నారు. కనుక పైలట్ అధ్యయనానికి తెలుగు పాఠ విమర్శ కొత్త సాధనాలు అరువు తెచ్చుకోనక్కరలేదు. ఉన్న సాధనాలు దృశ్య మాధ్యమంలో ఎంతవరకు పనిచేస్తాయో పరీక్షించుకుంటే చాలు.

ఈ వ్యాసం రెండు టెలివిజన్ ఉదాహరణలను, ఒక తెలుగు నాటకాన్ని పరిశీలిస్తుంది. మొదటిది అమెరికన్ ధారావాహిక 'స్టార్ ట్రెక్' తొలి పైలట్ 'ది కేజ్'. రెండవది బి.బి.సి. ధారావాహిక 'షెర్లాక్' కోసం 2009లో తీసి ప్రసారం చేయని పైలట్. మూడవది 1897 నాటి 'కన్యాశుల్కం' తొలి కూర్పు. మూడవది ప్రదర్శింపబడి, అచ్చయిన రచన. కాబట్టి దానిని అక్షరార్థంలో పైలట్ అనడానికి వీలులేదు. అయినా 1909 నాటి రెండవ కూర్పు వెలుగులో అది దశాబ్దాల పాటు పాఠకులకు కనుమరుగైంది. ఆ కారణంగా అది ఈ చర్చకు అతి సమీపమైన తెలుగు ఉదాహరణ.

చిత్తుప్రతి, పైలట్, రద్దయిన కూర్పు

ముందుగా పరిభాషను స్పష్టం చేసుకోవాలి. చిత్తుప్రతి అసంపూర్ణం. రచయిత తన కోసం రాసుకున్నది, కొట్టివేతలతో, ఖాళీలతో ఉండేది. పైలట్ అటువంటిది కాదు. అందులో నటన ముగిసింది, సంకలనం ముగిసింది, నామావళి కూడా చేరింది. ఒక ప్రేక్షకుడు మొదటి నుండి చివరి దాకా చూసి అర్థం చేసుకోగల సంపూర్ణ రచన అది. దానికి లేనిది ప్రజా ప్రేక్షకుడు మాత్రమే. రద్దయిన కూర్పు ఈ రెంటికీ భిన్నమైనది. అది ఒకనాడు ప్రజల మధ్యకు వచ్చి, తర్వాతి కూర్పు కారణంగా వాడుక నుండి తప్పుకున్నది.

ఈ మూడింటినీ 'తొలి రూపం' అన్న ఒకే మాటతో పిలవడం వలన ఒక పొరపాటు అభిప్రాయం స్థిరపడుతుంది. తొలి రూపం అపక్వమని, మలి రూపం పరిణతమని ముందే తీర్పు జరిగిపోతుంది. చరిత్ర రచనలోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. వాకాడు మండలంలోని దుగరాజపట్నం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆంగ్లేయులు ఆర్మగాన్ అని వ్యవహరించిన ఈ తీరగ్రామంలో 1620ల నాటికే ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానం వెలసింది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. స్వల్పకాలంలోనే కంపెనీ వ్యవహారం అటు తరలిపోయింది. తర్వాతి చరిత్రలలో ఆర్మగాన్‌కు దక్కిన చోటు మద్రాసు అధ్యాయానికి ముందు ఒకటి రెండు వాక్యాలు. దుగరాజపట్నంలో అడుగుపెట్టిన వర్తకులు తాము మద్రాసుకు పీఠిక రాస్తున్నామని అనుకొని ఉండరు. వారికి అదే రేవు, అదే వ్యాపారం. తర్వాత జరిగినదాన్ని బట్టి ముందు జరిగినదానికి అర్థం కల్పించడం చరిత్రకారునికి ఎంత ప్రమాదమో, పాఠ విమర్శకునికీ అంతే ప్రమాదం.

పైలట్ విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఎందుకంటే పఠన క్రమం ఇక్కడ తలకిందులవుతుంది. ముందు పుట్టిన పాఠం ప్రేక్షకునికి వెనుక కనిపిస్తుంది. ప్రసారమైన ధారావాహికతో ఏళ్ల తరబడి పరిచయం ఉన్నవాడే పైలట్‌ను వెదికి చూస్తాడు. అతని కంటికి పైలట్‌లో ఉన్నవాటికంటే లేనివే ముందు కనబడతాయి. ఆ పాత్ర లేదు, ఆ మాట లేదు, ఆ సంగీతం లేదు అని లోపాల జాబితా సిద్ధమవుతుంది. నిజానికి అవి లోపాలు కావు, అప్పటికి ఇంకా పుట్టనివి. పుట్టనిదాన్ని లేనిదానిగా లెక్కించకుండా ఉండడం ఈ తులనకు మొదటి నియమం కావాలి.

స్టార్ ట్రెక్: లక్షణాల బదిలీ, దృశ్యానికి అర్థాంతరం

జీన్ రాడెన్‌బెరీ రచించిన 'ది కేజ్' 1964 చివరలో చిత్రీకరణ జరుపుకొంది. రాబర్ట్ బట్లర్ దర్శకుడు. ఎన్.బి.సి. సంస్థ దీనిని ప్రసారానికి స్వీకరించలేదు. అయితే అరుదైన రీతిలో రెండవ పైలట్‌కు అవకాశమిచ్చింది. ఆ రెండవ పైలట్ ఆమోదం పొంది, 1966 సెప్టెంబరులో ధారావాహిక ప్రసారం మొదలైంది. తొలి పైలట్‌లో నౌకాధిపతి క్రిస్టఫర్ పైక్, నటుడు జెఫ్రీ హంటర్. ప్రసార రూపంలో ఆ స్థానం విలియం షాట్నర్ ధరించిన కర్క్ పాత్రకు దక్కింది. రెంటిలోనూ కొనసాగిన ప్రధాన పాత్ర స్పాక్ ఒక్కటే.

పేరు కొనసాగినా ఆ పాత్ర స్వభావం కొనసాగలేదు. 'ది కేజ్'లోని స్పాక్ వింత గ్రహంపై మొక్కల నాదానికి ముచ్చటపడి చిరునవ్వు నవ్వుతాడు, సందర్భానుసారం కేకలు వేస్తాడు. తర్కమే తప్ప ఉద్వేగం ఎరగని వ్యక్తిగా ప్రపంచానికి తెలిసిన స్పాక్ ఇతడు కాడు. ఆ నిర్వికార బుద్ధి తొలి పైలట్‌లో వేరొక పాత్రకు ఉంది. ఆమె నౌకలో రెండవ అధికారిణి. 'నంబర్ వన్' అనే హోదా నామంతోనే పిలవబడుతుంది, నటి మేజెల్ బారెట్. రెండవ పైలట్ నాటికి ఈ పాత్ర తొలగిపోయింది. ఆమె ప్రశాంతత, నిశిత తర్కం స్పాక్‌కు సంక్రమించాయి. అదే నటి ప్రసార ధారావాహికలో నర్సు చాపెల్‌గా తిరిగి వచ్చింది.

దీనిని కేవలం పాత్రధారుల మార్పుగా చూడడం సరిపోదు. ఒక లక్షణం ఒక పాత్రను విడిచి మరొక పాత్రను చేరింది. ఈ ప్రక్రియను 'లక్షణ బదిలీ' అని పిలవవచ్చు. బదిలీలో లక్షణం మిగులుతుంది గాని దాని అర్థం మారుతుంది. స్త్రీ అధికారిణిలో ఉన్నప్పుడు నిర్వికారత అధికారానికి సంబంధించిన ప్రశ్న. పురుషుల మధ్య ఆజ్ఞ ఇచ్చే స్త్రీ తన భావాలను ఎంతవరకు దాచుకోవాలన్నది అందులోని అంతరార్థం. అదే నిర్వికారత అన్యగ్రహ వంశజుడైన స్పాక్‌కు వచ్చేసరికి జాతి, సంకర జన్మ, పరాయితనం వంటి ప్రశ్నలకు ఆధారమైంది. ప్రసార రూపం ఒక గొప్ప పాత్రను లోకానికి ఇచ్చింది. ఆ లాభానికి మూల్యంగా అరవైల టెలివిజన్ తెరపై ఆజ్ఞ ఇవ్వగలిగిన ఒక స్త్రీ స్థానం ఖాళీ అయింది. పైలట్‌ను చూడకపోతే ఈ మూల్యం లెక్కకు రాదు.

'ది కేజ్' తర్వాతి గాథ పాఠ విమర్శకులకు మరింత ఆసక్తికరం. 1966 నవంబరులో రెండు భాగాలుగా ప్రసారమైన 'ది మెనాజరీ' కోసం ఈ పైలట్ దృశ్యాలను విస్తారంగా వాడుకున్నారు. కొత్త కథలో స్పాక్ నేర విచారణను ఎదుర్కొంటాడు. పాత పైలట్ అక్కడ సాక్ష్యంగా న్యాయపీఠం ముందు తెరపై నడుస్తుంది. అంటే తిరస్కృత పాఠం ఆమోదిత పాఠంలో ఉపాఖ్యానంగా చేరింది. ప్రధాన కథ నడుమ పూర్వగాథను వినిపించే పురాణ సంవిధానం తెలుగు పాఠకులకు కొత్తది కాదు.

ఈ చేర్పులో ఒకే దృశ్యానికి అర్థం పూర్తిగా మారింది. 'ది కేజ్' ముగింపులో పైక్ ఆ గ్రహాన్ని విడిచి తన నౌకకు వెళ్తాడు. అక్కడే ఉండిపోయిన వీనా అనే స్త్రీకి తోడుగా గ్రహవాసులు పైక్ మాయారూపాన్ని సృష్టిస్తారు. ఆమె పక్కన నడిచేది ఒక భ్రమ. 'ది మెనాజరీ'లో పైక్ ప్రమాదం వలన శరీరం కదలలేని స్థితికి చేరి, ఆ గ్రహానికే తిరిగి వస్తాడు. వీనాతో కలిసి నడిచి వెళ్తున్న అదే పాత దృశ్యాన్ని ఇప్పుడు చూపుతారు. ఈసారి ఆమె పక్కన ఉన్నది పైకే, అతని ఆరోగ్య శరీరం మాత్రం మాయ. మొదట ఎడబాటును చెప్పిన బొమ్మ తర్వాత కలయికను చెప్పింది. ఒక పద్యం ప్రబంధంలో చోటు మారితే వ్యంగ్యార్థం మారినట్లు, చిత్రఖండం సందర్భాన్ని బట్టి అర్థాంతరం పొందింది. దృశ్య పాఠానికి అక్షర పాఠం వలె స్థిరమైన అర్థం లేదని గాని, అక్షర పాఠానికే స్థిరత్వం ఉందని గాని చెప్పలేమని ఈ ఉదాహరణ రుజువు చేస్తుంది.

ఈ పైలట్ పునరుద్ధరణ కూడా ప్రతుల సంస్కరణను తలపిస్తుంది. 1986లో గృహ ప్రదర్శనకు విడుదల చేసిన రూపంలో 'ది మెనాజరీ' నుండి తీసుకున్న రంగుల భాగాలను, రాడెన్‌బెరీ దగ్గరున్న నలుపు తెలుపు ప్రతిలోని భాగాలను కలిపి కూర్చారు. తర్వాత రంగుల భాగాలు లభించాక పూర్తి రంగుల రూపం 1988లో ప్రసారమైంది. శిథిల ప్రతిలోని లోపాన్ని మరొక ప్రతితో పూరించి, మెరుగైన ప్రతి దొరికాక మళ్లీ సవరించే పరిష్కర్త పద్ధతి ఇదే. 1986 రూపంలో రంగుకు, నలుపు తెలుపుకు మధ్య కనిపించే అతుకు నిజానికి పరిష్కర్త నిజాయితీకి గుర్తు. ఏది ఎక్కడి నుండి వచ్చిందో అది దాచలేదు.

షెర్లాక్: స్థలం, సంకల్పం, తెరపై అక్షరం

'షెర్లాక్' సృష్టికర్తలు స్టీవెన్ మోఫాట్, మార్క్ గేటిస్. మోఫాట్ రాసిన 'ఎ స్టడీ ఇన్ పింక్' పైలట్‌గా 60 నిమిషాల నిడివితో తయారైంది. కోకీ గీడ్రాయిచ్ దర్శకురాలు. బి.బి.సి. దీనిని ప్రసారం చేయక, 90 నిమిషాల భాగాలు మూడు కావాలని కోరింది. అదే కథను పెంచి, పాల్ మెక్‌గిగన్ దర్శకత్వంలో మళ్లీ తీసిన రూపం 2010 జూలై 25న ప్రసారమైంది. తొలి పైలట్ ఆ సంవత్సరమే డి.వి.డి.లో అనుబంధంగా వెలువడింది. ప్రధాన పాత్రధారులు బెనెడిక్ట్ కంబర్‌బాచ్, మార్టిన్ ఫ్రీమన్ రెంటిలోనూ ఉన్నారు. రచయిత ఒకరే, నేరస్థుడైన టాక్సీ చోదకుడు ఒకరే. కాబట్టి మార్పుల ఫలితాన్ని పరీక్షించడానికి ఇది చక్కని ఉదాహరణ.

అతి ముఖ్యమైన తేడా పతాక సన్నివేశంలో ఉంది. పైలట్‌లో టాక్సీ చోదకుడు షెర్లాక్‌కు మత్తుమందు ఎక్కించి, అతని సొంత గదికే, బేకర్ వీధి ఇంటికే తీసుకువస్తాడు. రెండు మాత్రల పరీక్ష అక్కడ జరుగుతుంది. ప్రసార రూపంలో మత్తుమందు లేదు. చోదకుడు వచ్చి పిలుస్తాడు. నేరస్థుడతడేనని తెలిసి కూడా షెర్లాక్ తనంతట తాను కారెక్కుతాడు. పరీక్ష ఒక నిర్జన కళాశాల భవనంలో జరుగుతుంది.

ఈ మార్పు వలన కథాక్రమం పెద్దగా మారలేదు. రెంటిలోనూ వాట్సన్ తుపాకీ పేల్చి మిత్రుణ్ణి కాపాడతాడు. మారినది నాయకుని సంకల్పం. పైలట్ నాయకుడు శరీరం స్వాధీనంలో లేక ప్రమాదంలో పడ్డాడు. ప్రసార రూపంలోని నాయకుడు తెలుసుకోవాలనే కోరికకు లొంగి ప్రమాదాన్ని వరించాడు. మొదటివాని ఆపద బాహ్యం, రెండవవాని ఆపద అతని బుద్ధిలోనే ఉంది. తెలివికి గర్వం తోడైతే అది ప్రాణం మీదికి తెస్తుందన్న ఇతివృత్తం ఈ ఒక్క మార్పుతో ధారావాహికకు పునాది అయింది. ప్రసార సంస్థ అడిగింది నిడివి. రచయిత ఆ నిడివిని స్వభావ చిత్రణకు వినియోగించాడు. బయటి నిర్బంధం లోపలి అవసరంగా పరిణమించిన తీరు ఇది.

అయినా పైలట్‌ను తక్కువ చేయడానికి వీలులేదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1887 నాటి మూల నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో బండివాడైన హంతకుడు పట్టుబడేది బేకర్ వీధి గదిలోనే. స్థలం విషయంలో పైలట్ మూలానికి దగ్గరగా ఉంది, ప్రసార రూపం దూరం జరిగింది. పైగా నేరస్థుడు నాయకుని ఇంటిలోకే రావడంలో ఒక ప్రత్యేకమైన భయం ఉంది. గృహం రక్షణ ఇవ్వదన్న ఆ భయాన్ని ప్రసార రూపం వదులుకుంది. మూల విధేయతే ప్రమాణమైతే పైలట్ మేలు. స్వభావ పోషణ ప్రమాణమైతే ప్రసార రూపం మేలు. ప్రమాణం చెప్పకుండా 'బాగుంది, బాగోలేదు' అనే తీర్పు ఇక్కడ నిలవదు.

రెండవ తేడా నిర్మాణానిది. హోమ్స్ సోదరుడు మైక్రాఫ్ట్ పైలట్‌లో లేడు. ప్రసార రూపంలో అతడు తన పేరు చెప్పకుండా వాట్సన్‌ను పిలిపించి మాట్లాడతాడు. ప్రేక్షకుడు అతణ్ణి ప్రతినాయకుడని భ్రమపడతాడు. అలాగే మొరియార్టీ పేరు పైలట్‌లో వినిపించదు, ప్రసార రూపం చివర చావబోతున్న చోదకుని నోట పలుకుతుంది. ఈ రెండూ ఈ కథ కోసం చేసినవి కావు, రాబోయే భాగాల కోసం నాటిన విత్తనాలు. పైలట్ తనలో తాను ముగిసే ఏకాంకిక వంటిది. ప్రసార రూపం మహాకథలో మొదటి ఆశ్వాసం. నిడివి 60 నుండి 90 నిమిషాలకు పెరగడం కంటే ఈ ప్రక్రియాభేదమే ముఖ్యం.

మూడవ తేడా దృశ్య సంవిధానానికి చెందినది. సెల్‌ఫోన్ సందేశాలను, షెర్లాక్ పరిశీలనలను తెరపై తేలియాడే అక్షరాలుగా చూపడం ప్రసార రూపపు ముద్ర. పైలట్‌లో ఆ పద్ధతి లేదు. నవలలో వాట్సన్ కథనం చేసే పనిని ఇక్కడ అక్షరం స్వయంగా తెర మీదికి వచ్చి చేస్తుంది. నాయకుడు ఉంగరాన్ని, బట్ట తడిని గమనించిన క్షణంలోనే ప్రేక్షకుడు ఆ గమనింపును చదువుతాడు. పైలట్‌లో పరిశీలన ముందు జరిగి, వివరణ సంభాషణగా తర్వాత వస్తుంది. అక్కడ ప్రేక్షకుడు వాట్సన్ పక్కన నిలబడి ఆశ్చర్యపడతాడు. ప్రసార రూపంలో షెర్లాక్ బుద్ధిలోకి ప్రవేశించి ఆ వేగాన్ని అనుభవిస్తాడు. కథన దృష్టికోణమే స్థానం మారింది. ఇది సాంకేతిక మెరుగుదలగా మాత్రమే కనిపించే మార్పు. వాస్తవంలో ఎవరి కళ్లతో కథ చూడాలన్న మౌలిక నిర్ణయం.

కన్యాశుల్కం: బంగోరె తిరిగి తెచ్చిన తొలి కూర్పు

తెలుగులో ఈ సమస్య టెలివిజన్ కంటే చాలా ముందే ఎదురైంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అది ఐదంకాల నాటకం. 1909లో వెలువడిన రెండవ కూర్పు ఏడంకాలతో, ఎంతో పెరిగిన నిడివితో దాదాపు కొత్త రచనగా రూపొందింది. లోకంలో 'కన్యాశుల్కం' అంటే ఆ రెండవ కూర్పే అయింది. పాఠ్యగ్రంథాలు, రంగస్థల ప్రదర్శనలు, 1955 నాటి చలనచిత్రం అన్నీ ఆ కూర్పు కీర్తి నుండి పుట్టినవే. నెల్లూరు జిల్లాకు చెందిన పాత్రికేయ పరిశోధకుడు బంగోరె, అసలు పేరు బండి గోపాలరెడ్డి, 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో తొలి కూర్పును తిరిగి వెలుగులోకి తెచ్చేవరకు ఎక్కువమంది పాఠకులకు దానితో పరిచయమే లేదు.

1969లో ఆ పుస్తకం చేతికి తీసుకున్న పాఠకుని స్థితి షెర్లాక్ పైలట్‌ను డి.వి.డి.లో చూసిన ప్రేక్షకుని స్థితి వంటిదే. గిరీశం మాటలు, మధురవాణి చతురత అతనికి అప్పటికే కంఠస్థం. అతడు తొలి కూర్పులో రెండవ కూర్పును వెదుకుతాడు. మధురవాణి పాత్ర తొలి కూర్పులో పరిమితమైనదన్న సంగతి అందరికంటె ముందు అతని దృష్టికి వస్తుంది. రెండవ కూర్పులో ఆమె నాటకానికి కేంద్రమై, చివరకు సౌజన్యారావు వంటి సంస్కర్త నైతిక నిశ్చయాన్నే ప్రశ్నించగల స్థాయికి ఎదిగింది. తొలి కూర్పును చూశాకే ఈ ఎదుగుదల దూరం ఎంతో తెలుస్తుంది. ఈ ప్రయోజనం కాదనలేనిది. అయితే అక్కడితో ఆగితే తొలి కూర్పు కొలబద్దగా మిగులుతుంది గాని రచనగా చదవబడదు.

తొలి కూర్పును రచనగా చదవాలంటే అది ఎవరి ఎదుట నిలబడిందో అడగాలి. అది ఆనంద గజపతి మహారాజుకు అంకితమైన కృతి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టికను మహారాజు తయారు చేయించగా, అందులో 1034 పెళ్లిళ్లు నమోదయ్యాయని ఆంగ్ల పీఠికలో గురజాడ పేర్కొన్నాడు. ఆ సంఖ్య నాటకానికి బయట ఉన్న వివరం మాత్రమే కాదు. నాటకం తన తొలి శ్రోతలకు ఒక వాదంగా, సాక్ష్యంగా నిలిచిందని అది చెబుతుంది. మహారాజు 1897లోనే కీర్తిశేషుడయ్యాడు. రెండవ కూర్పు నాటికి సంస్థాన సభ, దాని ప్రభువు ఎదురుగా లేరు. ఎదుట ఉన్నది విస్తరిస్తున్న అచ్చు పాఠకలోకం, వ్యావహారిక భాష మీద మొదలైన చర్చ. ఒక దురాచారాన్ని ఎత్తిచూపే ప్రదర్శన, ఒక సమాజం మొత్తాన్ని దాని మాటతీరులో పట్టుకునే పఠన నాటకంగా మారడానికి ఈ శ్రోతృభేదం ఒక బలమైన కారణం.

రెండవ కూర్పుకు దక్కిన విస్తృతికి మూల్యం లేకపోలేదు. అది యథాతథంగా ఒక రాత్రి ప్రదర్శనకు ఒదగదు. ప్రయోక్తలు ఎప్పటికప్పుడు కత్తిరించుకోవలసిందే. ఐదంకాల తొలి కూర్పు రంగస్థలాన్ని దాటివచ్చి అచ్చుకెక్కినది. రెండవ కూర్పు అచ్చు నుండి రంగస్థలాన్ని వెదుక్కుంటూ వెళ్లినది. ఒకే పేరు గల ఈ రెండు నాటకాలు సాహిత్య జీవనంలో ఎదురెదురు దిశలలో ప్రయాణించాయి.

ఇక్కడ టెలివిజన్ ఉదాహరణలతో ఒక ముఖ్య భేదం గుర్తించాలి. స్టార్ ట్రెక్ మార్పుకు ప్రసార సంస్థ తిరస్కారం హేతువు. షెర్లాక్ మార్పుకు సంస్థ కోరిన నిడివి, కొత్త దర్శకుని దృష్టి హేతువులు. కన్యాశుల్కాన్ని తిరగరాయమని ఆజ్ఞాపించగల సంస్థ ఏదీ లేదు. నిర్ణయం రచయితది. అందువలన కన్యాశుల్కం రెండు కూర్పుల తేడాలను రచయిత ఆలోచనా పరిణామానికి సాక్ష్యంగా తీసుకోవచ్చు. పైలట్ తేడాలను అలా నేరుగా తీసుకోరాదు. అక్కడ ప్రతి మార్పు వెనుక సంస్థ, దర్శకుడు, నటుడు, కాలవ్యవధి, వ్యయం అనే పలు కర్తలు ఉంటారు. కర్తృత్వాన్ని విభజించి చూడడం దృశ్య పాఠ విమర్శకు రెండవ నియమం.

తులనకు ప్రతిపాదించదగిన పద్ధతి

పై మూడు ఉదాహరణల ఆధారంగా రెండు రూపాల తులనను నాలుగు స్థాయిలలో నిర్వహించవచ్చు. మొదటిది కథాస్థాయి: సంఘటనల చేర్పు, తొలగింపు, క్రమభేదం. రెండవది పాత్రస్థాయి: స్వభావ పరివర్తన, లక్షణ బదిలీ, సంకల్ప భేదం. మూడవది సంవిధానస్థాయి: స్థలం, కాలం, దృష్టికోణం, చిత్రీకరణ, శబ్దం. నాల్గవది సంబోధనాస్థాయి: ఆ రూపం ఎవరిని ఉద్దేశించి నిలబడింది అన్నది. పైలట్‌కు తొలి ప్రేక్షకులు సంస్థాధికారులు. వారిని ఒప్పించడానికి అది తన ప్రతిభను ఒక్క భాగంలోనే చూపాలి. ప్రసార రూపానికి ప్రేక్షకులు ఇళ్లలో ఉన్నవారు. వారు మరుసటి భాగానికి తిరిగి రావాలి. షెర్లాక్ పైలట్ తనలో తాను ముగియడానికి, ప్రసార రూపం విత్తనాలు నాటడానికి ఈ సంబోధనాభేదమే సమర్థమైన వివరణ. తక్కిన మూడు స్థాయిలలో కనిపించే తేడాలకు కారణం తరచుగా నాల్గవ స్థాయిలో దొరుకుతుంది.

తొలి రూపాన్ని తక్కువ చేయరాదన్న వాదం మరొక అతికి దారి తీయరాదు. తిరస్కృతమైనదే స్వచ్ఛమైనదని, ప్రసారమైనది వ్యాపారానికి లొంగినదని భావించే అభిమాన ధోరణి కూడా ఉంది. మత్తుమందు తొలగించి సంకల్పాన్ని చేర్చిన మార్పు వ్యాపారానికి లొంగుబాటు కాదు. నంబర్ వన్ పాత్ర తొలగింపు కళాపరిణతి కూడా కాదు. ఏ మార్పుకు ఆ మార్పును విడిగా తూచవలసిందే. ప్రాచీన ప్రతి అయినంత మాత్రాన ప్రతి పాఠమూ గ్రాహ్యం కాదని, అర్వాచీన ప్రతిలోని పాఠాలన్నీ ప్రక్షిప్తాలు కావని పరిష్కర్తలు ఎరిగినదే.

ఉపసంహారం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1995 నుండి ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చాయి. ఆమోదం కోసం పైలట్ భాగాన్ని సమర్పించే పద్ధతి భారతీయ టెలివిజన్‌లోనూ ఉన్నదే. ఆమోదం లభించాక ఆ క్యాసెట్‌కు వ్యాపార ప్రయోజనం తీరిపోతుంది. సాహిత్య ప్రయోజనం మొదలయ్యేది అప్పుడే. అచ్చు పుస్తకానికి కనీసం కొన్ని ప్రతులు ఊరూరా చెదిరి ఉంటాయి. ఏదో ఒక బీరువాలో ఒకటి మిగులుతుంది. 1897 నాటి నాటకం 1969లో తిరిగి రాగలగడానికి అచ్చు ఇచ్చిన ఈ వెసులుబాటే కారణం. అయస్కాంత టేపుకు ఆ భరోసా లేదు. అది వేడికి, తేమకు పాడవుతుంది. అంతకంటె సులభంగా చెరిపి మరొక కార్యక్రమానికి వాడుకోవడానికీ వీలైనది. తుది రూపం ప్రసారమయ్యాక తొలి రూపాన్ని దాచవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

కాబట్టి విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు దృశ్య మాధ్యమాన్ని పాఠ్యాంశంగా స్వీకరించేటప్పుడు ప్రసార రూపంతో పాటు దాని పూర్వరూపాలను సేకరించే పని కూడా చేపట్టాలి. పైలట్ తయారైన తేదీ, నిడివి, నటవర్గం, సాంకేతిక వర్గం, చూసినవారి అభిప్రాయం, మార్పులకు చెప్పిన కారణం అనే వివరాలతో ఒక్కొక్కదానికి ప్రతి వివరణ తయారు కావాలి. నిర్మాతలు, సంకలనకర్తలు జీవించి ఉండగానే ఈ వివరాలను నమోదు చేయడం సాధ్యం. తాళపత్రాల విషయంలో లేఖకుణ్ణి అడిగే అవకాశం పరిష్కర్తకు ఏనాడూ లేదు. దృశ్య పాఠ పరిశోధకునికి ఆ అవకాశం ఇప్పుడు ఉంది, అయితే ఎల్లకాలం ఉండదు.

బంగోరె తొలి కూర్పును తెచ్చి ఇచ్చినందువలన రెండవ కూర్పు విలువ తగ్గలేదు. గురజాడ ఎంత దూరం నడిచాడో లెక్కించడానికి బయలుదేరిన చోటు దొరికింది. ప్రసారమైన ప్రతి ధారావాహిక వెనుక అటువంటి బయలుదేరిన చోటు ఒకటి ఉంటుంది. దానిని గమ్యం వెలుగులో కాక, దాని కాలపు వెలుగులో, దాని ఎదుట కూర్చున్న ప్రేక్షకుల దృష్టితో చదవగలిగినప్పుడే తులన విమర్శ స్థాయికి చేరుతుంది.